క్వాంటం కాదు, కింటా

ఆ రోజుల్లో మా ఊళ్లో క్వాంటం అనే మాట ఎవరికీ తెలియదు. కింటా తెలుసు. ఇప్పుడంటే పలాస స్టేషన్ బయట టీ కొట్టులో కూర్చున్నవాళ్లు కూడా క్వాంటం కంప్యూటర్లు వస్తున్నాయట, మన పిల్లలకు ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా అని టీవీ చూస్తూ మాట్లాడుకుంటున్నారు గానీ, నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు ఆఖరి ఏడాది చదివేనాటికి మా ఉద్దానం వైపు ఆ మాటను నోటితో పలికిన మొదటి మనిషిని బహుశా నేనే. (ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. పలికినందుకు ఏమైందో చెప్పడానికే ఈ సోదంతా.) ఆ వయసులో కొత్తగా ఒక మాట నేర్చుకుంటే దాన్ని ఇంట్లో, వీధిలో, ఆఖరికి కొళాయి దగ్గర కూడా వాడకుండా ఉండలేం. నేనూ ఉండలేకపోయాను. దాంతో మా మేనమామ పరువు ఏకంగా వచ్చి నా చేతిలో పడింది.

మా ఊరు పలాసకూ వజ్రపుకొత్తూరుకూ మధ్యన ఉంటుంది. ఒకవైపు కొబ్బరి, ఒకవైపు జీడి, ఆ రెంటి నడుమ మేము. మామ వేసవిలో రైతుల దగ్గర జీడిపిక్కలు కొని, బస్తాలకెత్తి, పలాసలో పప్పు తీసే ఫ్యాక్టరీలకు పంపేవాడు. ఆ వ్యాపారం మా తాత మొదలుపెట్టింది. ఆయన కాలంలో షెడ్డు దూలానికి వేలాడే పెద్ద తక్కెడ ఉండేది. మామ దాన్ని దించి అటకెక్కించి, ఎర్ర అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాడు. తెచ్చిన రోజున దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొట్టమొదట తనే ఎక్కి చూసుకుని, దిగి, ఇది తప్పు చెబుతోందని అన్నాడట. (మామ బరువు విషయంలో ఆ కాటా ఏనాడూ తప్పు చెప్పలేదు. అత్త వంట అలాంటిది.)

నా చదువు సంగతికొస్తే, టెక్కలిలో డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీకి యూనివర్సిటీలో చేరాను. అక్కడ నాకు దొరికిన గైడుగారిని పిల్లలందరం చాటుగా మెల్లగా సారు అనేవాళ్లం. మాట మాటకీ మెల్లగా అనేవారు మరి. ఆయన నాకిచ్చిన ప్రాజెక్టు, ఒక వస్తువు క్వాంటం పద్ధతిలో నడుస్తోందా, మన మామూలు పద్ధతిలో నడుస్తోందా ఎలా పరీక్షించాలి అనేది. వినడానికి బెదురు పుడుతుంది గానీ విషయం ఇంతే. ఒక వస్తువును పొద్దున్న చూశాం, సాయంత్రం చూశాం. ఇంకోరోజు మధ్యాహ్నం కూడా ఒకసారి తొంగిచూశాం. మధ్యలో తొంగిచూసినంత మాత్రాన సాయంత్రం కనిపించేది మారకూడదు. మన కుర్చీలూ బల్లలూ అలా మారవు. మారిందీ అంటే రెండే కారణాలు. ఆ వస్తువు మన లోకపు పద్ధతి పాటించకపోయి ఉండాలి, లేకపోతే తొంగిచూసినవాడు మొరటుగా దేన్నో కదిపి ఉండాలి. ఎలక్ట్రాన్ల వంటి వాటి లోకంలో మొదటిది నిజంగానే జరుగుతుంది. అయితే రెండోది జరగలేదని తేల్చుకోకుండా మొదటిది అనకూడదు. వస్తువును అనుమానించేముందు మెల్లగా నీ చూపును అనుమానించుకోమ్మా అని సారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నాకు మొదటి కారణం ఎంత నచ్చిందంటే, రెండోది చెవికి ఎక్కలేదు.

వేసవి సెలవులకు బయల్దేరుతుంటే సారు పిలిచి, ఇదంతా మీ ఊళ్లో ఒక్కరికైనా అర్థమయ్యేలా చెప్పి రా, వాళ్లకు అర్థమైతే నీకు అర్థమైనట్టు అన్నారు. ఆ ఒక్కరు ఎవరా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. నౌపడ దగ్గర రైలు ఆగితే, కిటికీలోంచి ఉప్పుమడులు చూస్తూ, వీటికి చెప్పడం తేలికేమో అని కూడా అనిపించింది.

వచ్చిన మర్నాడే మామ ఇంట్లో భోజనం. అత్త చేపల పులుసు వడ్డిస్తోంది. మామ ముద్ద కలుపుతూ, అక్కడ ఏటి సదువుతన్నావే కోడలా, మీ యమ్మ సెప్తే నాకు తలకెక్కనేదు అన్నాడు. నేను సర్దుకుని కూర్చుని, క్వాంటం టెస్టు మావా అన్నాను. మామ ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది.

"కింటా టెస్టా? కింటా సరిగ్గా ఉందో నేదో సూత్తారా? దానికి కూడా సదువుంటాదా?"

కింటా కాదు మావా, క్వాంటం అన్నాను. ఇంగ్లీషులో అలగే అంటారేమోలే అన్నాడు. ఆయన దృష్టిలో కింటా అంటే నూరు కేజీలు, దాన్ని చదువుకున్నవాళ్లు కాస్త నోరు వంకర తిప్పి క్వాంటం అంటారు. నేను ఓపిగ్గా, బరువు కాదు మావా, వస్తువు మనం చూస్తే ఒకలాగా, చూడకపోతే ఒకలాగా ఉంటోందా లేదా అని తేల్చే పరీక్ష అన్నాను. ఆ మాటతో మామ ముద్దను కంచంలో పెట్టేశాడు. పులుసులో చేపముక్క ఉండగా మామ భోజనం ఆపడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అత్త వైపు ఒకసారి చూసి, "నిన్ను ఆ బగమంతుడే పంపినాడే" అన్నాడు నాతో.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ వేసవిలో ఊళ్లో ఒక గుసగుస పుట్టింది. మామ కాటా నలుగురూ చుట్టూ నిలబడి చూస్తుంటే ఎక్కువ తూగుతుందట, రైతు ఒక్కడే వస్తే తక్కువ తూగుతుందట. అంటే మామ దగ్గర ఎక్కడో బటన్ ఉందని, జనం లేనప్పుడు నొక్కుతున్నాడని. అలాంటి కాటాలు పట్టణాల్లో పట్టుబడినట్టు పేపర్లో చదివినవాళ్లు కూడా ఉన్నారు. ఈ గుసగుసకు మూలపురుషుడు, ఊరంతా ఏమో తాత అని పిలిచే పెద్దాయన. ఆయన నోట ఏ మాటా ఏమో లేకుండా పూర్తికాదు. భోంచేశావా తాతా అంటే తిన్నట్టే ఉన్నాను, ఏమో అంటాడు. వరసకు మామకు మావ అవుతాడు. మా తాత తక్కెడ రోజుల నుంచీ ఆయన పిక్కలు మా షెడ్డుకే వచ్చేవి, సాయంత్రాలు ఆయన కూడా మా షెడ్డుకే వచ్చేవాడు. అలాంటివాడు ఆ ఏడాది బస్తాలు మూతులు కుట్టి తన అరుగు మీదే ఉంచుకున్నాడు, ఆటో కట్టించుకుని తిన్నగా పలాస పట్టుకెళ్లిపోతానంటున్నాడు. మోసమని అనలేదు. "మనుసులు సూత్తంటే ఓలాగ తూగుతంది, సూడకపోతే ఓలాగ తూగుతంది. ఏమో మరి" అన్నాడు, అంతే. మామను కోసేసింది ఆ ఏమోనే.

సాయంత్రానికల్లా మామ కోడలు కాటా మోసాలు కనిపెట్టే చదువు చదువుతోందని ఊరంతా పాకింది. పాకించింది మామే. అంతటితో ఆగి ఉంటే బాగుండును. రచ్చబండ దగ్గర అందరి ముందూ, నా కాటాలో దోసం ఉందని నా కోడలు సెప్తే షెడ్డుకి తాళం ఏసేత్తాను, మరి జన్మలో పిక్క ముట్టను అనేశాడు. అన్నమాట మీద నిలబడే మనిషి ఆయన. అమ్మ నన్ను పక్కకు పిలిచి, నీకు నిజంగా కాటాల గురించి ఏవైనా తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. మరి ఏం చదువుతున్నావని అడిగింది. దానికి జవాబు చెప్పాలంటే మళ్లీ క్వాంటం అనాలి, అది మళ్లీ కింటా అవుతుంది.

సారు చెప్పిన ఒక్కరు అత్తే కాకూడదా అని, ఆమె పాలు కాస్తుండగా పక్కన కూర్చుని మొదటి నుంచీ వివరించాను. పొద్దున్న చూడటం, సాయంత్రం చూడటం, మధ్యలో తొంగిచూడటం, అన్నీ. అత్త శ్రద్ధగా విని, అయితే పాలు కూడా నీ కింటా రకమేనే, నాను సూత్తన్నంతసేపూ పొంగవు, ఇటు తిరిగితే సాలు పొయ్యి ఆరిపోతాది అంది. అంటూ ఇటు తిరిగింది. పొయ్యి ఆరిపోయింది. ఇద్దరం కలిసి గట్టు తుడిచాం.

ఇక్కడ నా తెలివి గురించి కూడా చెప్పుకోవాలి. పైకి అయ్యో మామా అంటున్నాను గానీ లోపల్లోపల నాకు ఒక రకమైన సంబరం మొదలైంది. చూస్తే ఒకలాగా, చూడకపోతే ఒకలాగా. నేను ఏడాదిగా చదువుతున్నది ఇదే కదా. మామ మోసగాడు కాడు, అది నాకు నా పేరంత తెలుసు. కాటా చెడిపోలేదు, అది మామ చెప్పాడు. మరి మిగిలిందేమిటి? ఒక పూటంతా, తోటలో జీడిచెట్టు కింద మంచం వేసుకుని, జీడిపిక్కల బస్తా క్వాంటం పద్ధతిలో నడవడానికి గల అవకాశాల గురించి గంభీరంగా ఆలోచించాను. (బస్తా అంటే ఎనభై కేజీలు. క్వాంటం వింతలు కంటికి కనిపించనంత చిన్నవాటిలో కనిపిస్తాయని మొదటి పాఠంలోనే చెబుతారు. నేను ఆ రోజు క్లాసుకు వెళ్లాను కూడా.) ఉద్దానం పిక్కల మీద నా పేరుతో ఒక వ్యాసం అచ్చవడం, మెల్లగా సారు దాన్ని చదివి మొదటిసారి గబగబా మాట్లాడటం దాకా వెళ్లిపోయాను.

పరీక్ష ఆదివారం పెట్టుకున్నాం. పొద్దున్నే షెడ్డు ముందు జనం. సంతకు వచ్చినట్టు పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఏమో తాత తన బస్తా ఒకటి మోయించుకుని వచ్చాడు, ఇంకొకరి బస్తా మీద ఆయనకు నమ్మకం లేదు. మామ తెల్ల చొక్కా వేసుకుని, షెడ్డులోకి అడుగు పెట్టనని చెప్పి, ఎదురుగా చెట్టు కింద కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ల మీద అందరికీ కనిపించేలా పెట్టుకుని కూర్చున్నాడు. ముందుగా అటక మీది పాత ఇనపరాళ్లు దింపించి కాటా మీద పెట్టించాను. జనం గడప దగ్గర నుంచే చూశారు, రాయి ఎంతో అంకె అంతే. కాటా మంచిదేనని అందరూ ఒప్పుకున్నారు. ఇక తాత బస్తా పెట్టించి, అందర్నీ బయటికి పంపించి, ఇప్పుడు ఎవరూ చూడకుండా ఎంత తూగుతుందో చూద్దాం అన్నాను.

తాత గడప దగ్గర ఆగిపోయాడు. "ఎవులూ సూడకపోతే ఎంత తూగిందో ఎవులు సెప్తారే గుంటా?"

నేను చూస్తాను తాతా అన్నాను. మరి నువ్వు సూత్తన్నట్టే గదా అన్నాడు. ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్న ప్రశ్న అది. తాతకు మాత్రం అది ప్రశ్నలా కూడా అనిపించలేదు, ఏమో అనుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. నేను గడపలో నిలబడి, వీలైనంత తక్కువగా చూశాను. ఎలా అంటే ఒక కన్ను మూసి. అంకె చదివి అందరికీ వినిపించాను. తర్వాత అందర్నీ లోపలికి పిలిచాను. కాటా చుట్టూ మూగారు, ఒకరి భుజాల మీంచి ఒకరు వంగారు, చూపు ఆనదని తాతను ముందుకు పంపారు. అంకె కదిలింది. ఇందాకటి కంటే రెండు మూడు కేజీలు పెరిగి అక్కడే నిలబడింది. మళ్లీ బయటికి పంపాను, తగ్గింది. మళ్లీ పిలిచాను, పెరిగింది. బస్తా ఒకటే. మామ బయట కుర్చీలో చేతులు కదపకుండా కూర్చునే ఉన్నాడు.

నా ఒళ్లు ఝల్లుమంది. సంతోషంతో. నిజంగానే చూస్తే మారుతోంది. ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషులో ఏదో అనేశాను కూడా. ఊరివాళ్లు మాత్రం నాలాగా చదువుకోలేదు కాబట్టి వాళ్లకు వేరే సంగతి తోచింది. బటన్ కాదు, రిమోట్ అన్నారు ఎవరో. జేబులు చూడాలన్నారు. మామ లేచి నిలబడి, రెండు జేబులూ తనే బయటికి లాగాడు. ఒకదాంట్లో షెడ్డు తాళంకప్ప. ఇంకోదాంట్లో కాగితంలో చుట్టిన కొబ్బరి లౌజు ఉండలు. మామకు షుగరని అత్త ఆర్నెల్లుగా ఇంట్లో బెల్లం డబ్బా కూడా దాచేస్తోంది. ఆ ఉదయం మొత్తం మీద పట్టుబడిన దొంగతనం అదొక్కటే. జనం నవ్వారు. మామ నవ్వలేదు. తాళంకప్పను అరచేతిలో పెట్టుకుని, చెవి ఇంట్లో ఉంటాది తీసుకురావే అని అత్తతో మెల్లగా అన్నాడు.

అప్పుడు చూశాను ఆయన ముఖం. అంతసేపూ అంకెల వైపే చూస్తున్నాను తప్ప, మామ వైపు ఒక్కసారీ చూడలేదు. మా తాత కాలం నాటి షెడ్డు అది. నా చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఆ బస్తాల మీదే నిద్రపోయేదాన్ని, లేచేసరికి నా తలకింద మామ తువ్వాలు మడతపెట్టి ఉండేది. అలాంటి మనిషి నా నోటి మాట మీద తాళం వేసుకోబోతున్నాడు, నేనేమో పక్కన నిలబడి మురిసిపోతున్నాను. సిగ్గుతో పాటు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో, ఎక్కడ దాక్కుందో గానీ, సారు మాట బయటికొచ్చింది. వస్తువును అనుమానించేముందు నీ చూపును అనుమానించుకో.

ఒక్క నిమిషం ఆగు మావా అని, జనాన్ని మళ్లీ బయటికి పంపించి, ఈసారి షెడ్డు కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. అందరూ చూడండి, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడండి, లోపలికి మాత్రం రావద్దు అన్నాను. అందరూ కిటికీ ఊచలకు ముఖాలు ఆనించి కాటాను గుడ్లప్పగించి చూశారు. అంకె తగ్గిందే తగ్గినట్టు ఉంది. ఊరంతా చూస్తోంది, బస్తాకు చీమ కుట్టినట్టయినా లేదు. అంటే చూపుకు పెరగడం లేదు. దగ్గరికొస్తే పెరుగుతోంది. నా వ్యాసం, నా పేరు, సారు గబగబా మాట్లాడటం, అన్నీ ఆ కిటికీ దగ్గరే గాలికి కొట్టుకుపోయాయి. అందుకు బాధపడే తీరిక కూడా లేకపోయింది. రండి, మళ్లీ ఇందాకటిలాగే నిలబడండి అన్నాను. నిలబడ్డారు. అంకె పెరిగింది. ఇంతలో అత్త తాళంచెవి పట్టుకుని ఇంటి వైపు గుమ్మంలోంచి వచ్చింది. బయట మామ దగ్గరికి వెళ్లాలంటే కాటా పక్కనుంచి తప్ప దారి లేదు, అక్కడ తాత అడ్డం.

"పెదనాన్నా, కాత్త జరుగు" అంది.

తాత జరిగాడు. అంకె తగ్గింది. అత్త వెళ్లాక తాత మళ్లీ ముందుకు వచ్చి అంకె చూడ్డానికి వంగాడు. అంకె పెరిగింది. ఈసారి అందరి కళ్లూ అంకె మీద నుంచి దిగి తాత కాలి మీద వాలాయి. ఆ కాలు ఒక చెక్క మీద ఉంది. కాటాకూ గచ్చుకూ మధ్య ఉన్న సందులో పిక్కలు దూరిపోతున్నాయని ఆ ఏడాదే మామ అక్కడ ఒక చెక్క అడ్డంగా వేశాడు. దాని ఒక చివర గచ్చు మీద, రెండో చివర కాటా అంచు మీద. రైతు ఒక్కడే వచ్చినప్పుడు బస్తా పట్టుకుని అవతలి పక్కన నిలబడేవాడు, చెక్క జోలికి పోయేవాడు కాదు. నలుగురొస్తే చోటు చాలక, అంకె దగ్గరగా చూడాలని, ఎవరో ఒకరి కాలు చెక్క మీద పడేది. ఎక్కువసార్లు అది ఏమో తాత కాలే. ఎవరి పిక్కల తూకమైనా ఆయనే కదా దగ్గరుండి చూసేది.

ఇక తాతను చెక్క ఎక్కించడం, దింపించడం పిల్లలకు ఆటైపోయింది. ఎక్కితే పెరగడం, దిగితే తగ్గడం. ప్రతిసారీ తాత, ఏమో, ఏమో అంటూనే ఎక్కి దిగాడు. చివరికి అందరికీ ఒకేసారి తట్టింది అసలు విషయం. రైతు ఒక్కడే వచ్చినప్పుడు పడిన తూకమే సరైన తూకం. నలుగురు చూసినప్పుడు పడింది పిక్కల తూకం ప్లస్ తాత. అంటే ఆ వేసవంతా మోసపోయింది మామ. ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. మామ చెట్టు కింద నుంచి మెల్లగా నడిచొచ్చి, చెక్కను చూసి, తాతను చూసి, "ఇన్నాళ్లూ నీ కాలు కూడా కొన్నానన్నమాట మావా" అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది. అత్త తాళంచెవిని కొంగున ముడేసుకుంది, లౌజు ఉండలు లాక్కుంది.

తాత మాత్రం ఒప్పుకోలేదు. సెక్క ఏసింది నువ్వే గదా, ఏమో అని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్న చూస్తే ఆయన అరుగు మీది బస్తాలన్నీ మా షెడ్డులో ఉన్నాయి. తాత గడప బయట, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రా మావా అని మామ ఎంత పిలిచినా రాలేదు.

"రాను. నాను సూత్తే బరువు పెరిగిపోతాది."

యూనివర్సిటీకి తిరిగివెళ్లి ఇదంతా సారుకు చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వారు. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో కూడా ముందు వెతకాల్సింది మీ తాతగారి కాలునేనమ్మా, అది లేదని తేలాకే మిగతా మాటలు అన్నారు. నా ప్రాజెక్టులో ఆ భాగాన్ని మెల్లగా, చాలా మెల్లగా మళ్లీ రాశాను. ఇప్పుడు టెక్కలిలో ఫిజిక్సు చెబుతున్నాను. ఆ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ముందుగా ఒక చెక్క, ఒక కాలు గీస్తాను. పిల్లలు నవ్వుతారు, పాఠం మాత్రం మరిచిపోరు.

షెడ్డు రేకులు తర్వాత ఒక తుఫానులో ఎగిరిపోయాయి, మళ్లీ వేయించాం. ఏమో తాతకు, మా వైపు ఎందరికో అయినట్టే, కిడ్నీలు పాడయ్యాయి. పలాసలో డయాలసిస్. ప్రతిసారీ తీసుకెళ్లేది మామే. మొన్న సెలవులో నేనూ వెళ్లాను. అక్కడ లోపలికి తీసుకెళ్లేముందు బరువు చూస్తారు. పోయినసారికీ ఇప్పటికీ ఎంత పెరిగితే ఒంట్లో అంత నీరు చేరినట్టు. తాత చెప్పులు విప్పి, తువ్వాలు నా చేతికిచ్చి, మామ భుజం పట్టుకుని మిషను ఎక్కాడు. భుజం వదిలేశాడు. అంకెల వైపు చూడలేదు, ఎదురుగోడ వైపు చూస్తూ ఎంతరా అల్లుడూ అని అడిగాడు. మామ ఒకడుగు వెనక్కి వేసి, తన కాళ్లు ఒకసారి చూసుకుని, అప్పుడు వంగి చదివాడు. కాత్త పెరిగినావు మావా, నీళ్లు తగ్గించాల అన్నాడు. తాత సరేరా అన్నాడు. నేను ఆగి చూశాను. దాని వెనక ఎప్పుడూ వచ్చే ఏమో రాలేదు.

దిగబోతూ తాత నన్ను చూసి, నువ్వు గుమ్మం బయటే ఉండే గుంటా, ఎమ్మెస్సీ సదివినోలు సూత్తే ఇంకా పెరుగుతాది అన్నాడు. బయటే ఉన్నాను, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని. ఒక పూటంతా చెట్టు కింద పడుకుని జీడిపిక్కల బస్తా క్వాంటం అని నమ్మిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎంత పిచ్చిది. అదే గనక ఇక్కడ ఉంటే, మనం చూడకపోతే ఆ అంకె పెరగదేమోనని కళ్లు మూసుకునేది. నేనూ కాసేపు మూసుకున్నాను.